చలనదశలో విడిపోయేవి ఏవి?

ఒరేయ్ రవీ,

సమవిభజనకీ (కణం తనలాంటి రెండు కణాలయ్యేది, మైటోసిస్) క్షయకరణ విభజనకీ (క్రోమోజోముల సంఖ్య సగమయ్యేది, మియోసిస్) తేడాల పట్టిక బట్టీ పట్టినా, బొమ్మ చూస్తే ఏది ఏదో తేలడం లేదన్నావు. పట్టిక పక్కన పెట్టు. చలనదశలో, అంటే కణం రెండు కొనల (ధ్రువాల) వైపు లాగబడే దశలో, విడిపోతున్నవి సోదర క్రోమాటిడ్లా (రెట్టింపైన ఒకే క్రోమోజోములోని రెండు నకళ్ళు), సమజాత క్రోమోజోములా (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జత)? ఈ ఒక్కటీ అడుగు చాలు.

రెండింటికీ మొదలు ఒకటే. విభజనకు ముందుండే అంతర్దశలో డిఎన్‌ఏ ఒక్కసారి రెట్టింపవుతుంది. మనిషి కణంలో అప్పుడూ క్రోమోజోములు 46 అనే లెక్క, క్రోమాటిడ్లు మాత్రం 92. చాలామంది తడబడేది ఇక్కడే. ఎప్పుడూ సెంట్రోమియర్లనే (క్రోమాటిడ్లు రెండూ కలిసి ఉండే చోట్లు) లెక్కపెట్టు.

సమవిభజన తేలికే. మధ్యస్థ దశలో 46 క్రోమోజోములూ కణం నడుమ వరుస కడతాయి. క్రోమాటిడ్లను అతికి ఉంచిన కొహెసిన్ ప్రోటీన్‌ను సెపరేజ్ ఎంజైము తెంపగానే అవి చెరో ధ్రువానికి పోతాయి. పిల్లకణాలు రెండింటిలోనూ 46.

అసలు అందమంతా క్షయకరణ విభజనలోని మొదటి ప్రథమ దశదిరా! అందులో జైగోటీన్ అనే ఉపదశలో తల్లి క్రోమోజోము, తండ్రి క్రోమోజోము జతకడతాయి. పాకీటీన్‌లో ముక్కలు మార్చుకుంటాయి. డిప్లోటీన్‌లో విడివడుతూ కయాస్మాల (ముక్కలు మార్చుకున్న చోట్లు) దగ్గర మాత్రం అతుక్కుని కనిపిస్తాయి. కండె తంతువులు రెండు వైపులా లాగుతున్నా జత విడిపోకుండా పట్టి ఉంచేది ఆ కయాస్మాలే. అవి ఏర్పడకపోతే రెండూ విడివిడిగా ఎటు పడితే అటు పోతాయి.

మొదటి చలనదశలో క్రోమోజోము భుజాల వెంట ఉన్న కొహెసినే తెగుతుంది. సెంట్రోమియర్ దగ్గరిదాన్ని షుగోషిన్ ప్రోటీను కాపాడుతుంది. అందుకే క్రోమాటిడ్లు విడవవు, జతలో ఒక్కో క్రోమోజోము మొత్తంగా ఒక్కో వైపు వెళ్తుంది. 46 కాస్తా 23 అయ్యేది ఇక్కడే, రెండో విభజనలో కాదు. ఆ రెండోది, డిఎన్‌ఏ మళ్ళీ రెట్టింపవకుండానే, సమవిభజన తీరులో సాగుతుంది. ఒక్కో జత ఎటు తిరిగి నిలబడుతుందో మిగతా జతలతో సంబంధం లేదు కాబట్టి, ముక్కల మార్పిడి కలపకుండానే 83,88,608 రకాల కలయికలు వస్తాయి.

తప్పులు జరిగేదీ ఎక్కువగా మొదటి విభజనలోనే. ఆడపిల్ల పుట్టకముందే ఆమె అండమాతృకలు (అండాలుగా మారే కణాలు) మొదటి ప్రథమ దశలో ఆగిపోయి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. అన్నేళ్ళలో కొహెసిన్ సడలుతుంది. 21వ జత సరిగా విడిపోకపోతే బిడ్డకు 47 క్రోమోజోములు వచ్చి డౌన్ సిండ్రోమ్ కలుగుతుంది. తల్లి వయసుతో ఆ అవకాశం పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక నీ బొమ్మల సంగతి. మధ్యస్థ దశలో జతలు ఎదురెదురుగా ఉంటే అది క్షయకరణ మొదటి విభజన. ఒంటరిగా వరుస కడితే సైజులు చూడు: ఒకే సైజువి రెండేసి ఉంటే సమవిభజన, ప్రతి సైజుదీ ఒక్కటే ఉంటే క్షయకరణ రెండో విభజన. ఉల్లిని తీసుకో. వేరు కొనలో ఒంటరిగా 16 కనిపిస్తాయి, లేత మొగ్గ పరాగకోశంలో మొదటి విభజనప్పుడు 8 జతలు కనిపిస్తాయి, రెండో విభజనకొచ్చేసరికి ఒక్కో కణంలో 8 ఉంటాయి.

నీ
శీను