సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించే వార్షిక నివేదిక: ఎల్క్ పిలుపుల శిక్షణ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారాలు.

నియమావళి ప్రకారం ఏడాది పొడవునా జరిగిన పనులను సభ్యుల ముందుంచడం కార్యదర్శి బాధ్యత కనుక ఈ నివేదికను సమర్పిస్తున్నాను. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే. వాటిని మళ్లీ ఏకరువు పెట్టి మీ సమయం తీసుకోను. ఉగాది కలయిక, వేసవి వనభోజనాలు, కాలిబాటల శుభ్రత కార్యక్రమం ఎప్పటిలాగే జరిగాయి, వాటి ఛాయాచిత్రాలు మీరు చూసే ఉంటారు. ఈ ఏడాది కార్యవర్గం తన శక్తినంతా పెట్టినది కొత్తగా వేటలో అడుగుపెట్టిన సభ్యులకు ఎల్క్ అనే పెద్ద జింక జాతి జంతువు గొంతును అనుకరించి దాన్ని దగ్గరకు రప్పించే పిలుపులు నేర్పే శిక్షణ మీద కాబట్టి, నివేదికలో అధిక భాగం దానికే కేటాయిస్తున్నాను.

మనం ఉంటున్న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2,80,000కు పైగా ఎల్క్‌లు ఉన్నాయి. ఈ దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అయినా డెన్వర్ పరిసరాల్లో ఏళ్ల తరబడి కాపురముంటున్న మన సభ్యుల్లో చాలామంది వాటి గొంతును ఫోనులో తప్ప వినలేదు. ఇందులో వింతేమీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక భారతదేశంలో వేట నేరమైంది గనుక, తండ్రి వెంట అడవికి వెళ్లి నేర్చుకున్నవారు మనలో లేరు. పెంపుడు కౌజు పిట్ట చేత కూయించి అడవి పిట్టలను వలలోకి రప్పించేవారని తాతలు చెప్పగా విన్నవారు మాత్రం కొందరున్నారు. తుపాకి గురి, విల్లు గురి నేర్పేవారు ఇక్కడ ఊరూరా దొరుకుతారు కానీ, జంతువును మన దగ్గరకు రప్పించే విద్యను మన భాషలో, మన వేగంలో చెప్పేవారు లేరని క్రిందటి సర్వసభ్య సమావేశంలో సభ్యులే లేవనెత్తారు. ఆ తీర్మానమే ఈ శిక్షణకు మూలం.

శిక్షణకు ముందు అర్హతల విషయం తేల్చుకోవలసి వచ్చింది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారెవరైనా కొలరాడోలో వేట లైసెన్సు తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) ధ్రువపత్రం ఉండాలి. అది లేనివారిని పిలుపులు నేర్చుకోవడానికి మాత్రమే అనుమతించాం. వలసేతర (తాత్కాలిక) వీసాపై ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుందని, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉందని వివరించాం. ఎవరి పరిస్థితి వారు న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలని కూడా స్పష్టంగా చెప్పాం. ఈ విషయమై నాకు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసే సభ్యులు దయచేసి ఈ పేరాను మరొక్కసారి చదవగలరు.

ఇక స్థలం సంగతి. శిక్షణకు మనం అడిగిన కమ్యూనిటీ హాలు వారు మొదట సరేనన్నారు. తర్వాత బీమా కాగితం అడిగారు, అది ఇచ్చాక శబ్ద పరిమితి అన్నారు, చివరకు ఫోన్ ఎత్తడమే మానేశారు. అపార్ట్‌మెంట్లలో సాధన చేసిన ఇద్దరు సభ్యులకు యాజమాన్యం నుంచి నోటీసులు వచ్చాయి. మొత్తానికి ఊరి బయట ఉన్న ఒక సభ్యుని ఇంటి వెనుక షెడ్డే మనకు పాఠశాల అయింది. ఆ దంపతులకు సంఘం ఎంతో రుణపడి ఉంది. రోజువారీ సాధనకు అందరికీ అనువైన చోటు కారేనని అనుభవం మీద తేలింది. ఐ-25 రహదారి మీద వాహనాలు నిలిచిపోయిన వేళ అద్దాలు ఎత్తుకుని సాధన చేసినవారే అందరికంటే ముందున్నారు.

పిలుపు సాధనాల్లో కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టినది నోట్లో పెట్టుకుని ఊదే డయాఫ్రమ్. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న చిన్న అల్యూమినియం చట్రానికి పల్చని లేటెక్స్ పొర బిగించి, చుట్టూ టేపు అంటించి ఉంటుంది. దాన్ని అంగిలికి ఆనించి, నాలుకతో పొరను నొక్కిపట్టి, పొట్టలోంచి గాలి వదలాలి. మొదటి తరగతిలో సగం మందికి డోకు వచ్చింది, తక్కినవారికి గాలి తప్ప ధ్వని రాలేదు. టేపు అంచు పెద్దదైతే కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించి నోటికి సరిపెట్టుకోవచ్చని, సన్నాయి పీకను తడిపినట్టే ఈ పొరను కూడా ముందు నోట్లో నానబెట్టుకోవాలని, పని అయ్యాక ఆరబెట్టి ఎండ తగలని చల్లని చోట దాచాలని చెప్పాక పరిస్థితి కుదుటపడింది. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన డయాఫ్రమ్‌లు సాగి పాడైపోయాయి. అవి మళ్లీ కొనిపెట్టే బాధ్యత సంఘానిది కాదు. లేటెక్స్ పడనివారికి, డోకు ఎంతకీ తగ్గనివారికి పెదవుల మధ్య పెట్టుకుని ఊదే బయటి రీడ్ (పీక) సాధనాలు ఇచ్చాం. వాటితో ఆడ ఎల్క్ కూత తేలికగా వస్తుంది గానీ ఒక చెయ్యి దానికే అంకితమవుతుంది, విల్లు ఎక్కుపెట్టే వేళకు అదే చిక్కు.

శిక్షణలో కార్యవర్గం పెట్టిన ఒక షరతు కొందరికి రుచించలేదు. మొదటి ఏడాది వారెవరూ మగ ఎల్క్ వేసే బ్యూగిల్ అనే కేక జోలికి పోకూడదని, ఆడ ఎల్క్ కూత అయిన మ్యూ ఒక్కటే నేర్చుకోవాలని నిర్ణయించాం. అప్పటికే బ్యూగిల్‌ను బిగ్గరగా వినిపించే పొడవాటి గ్రంట్ ట్యూబులు (గొట్టాలు) కొనుక్కుని వచ్చినవారు చిన్నబుచ్చుకున్నారు. కారణాన్ని సమావేశ ముఖంగా మరోసారి చెబుతున్నాను. బ్యూగిల్ అనేది సాటి మగ ఎల్క్‌కు విసిరే సవాలు. కండబలం గల మగది ఆ సవాలును స్వీకరించి రావచ్చు కానీ, చిన్న వయసువి, ఒకసారి దెబ్బతిన్నవి, వేటగాళ్ల అలికిడికి అలవాటుపడినవి ఆ శబ్దం విని తమ ఆడవాటిని తోలుకుని అవతలి లోయలోకి దిగిపోతాయి. ఎత్తుగా మొదలై కిందికి జారే మ్యూ మాత్రం మంద రోజంతా తమలో తాము పలకరించుకునే మాట. అది కాస్త వంకరగా పలికినా అనుమానం రాదు. పైగా దూడ గొంతు సన్నగా, ముసలి ఆడదాని గొంతు బొంగురుగా ఉంటుంది కాబట్టి అభ్యాసకుని తప్పులు కూడా అందులో కలిసిపోతాయి. నేర్చుకోకపోయినా గుర్తుపట్టవలసినది మొరుగులాంటి ఒక్క పొట్టి అరుపు. అది విన్నామంటే మన ఉనికి దానికి తెలిసిపోయినట్టే, ఆ పూటకు ఇక ఎంత పిలిచినా లాభం తక్కువ.

బ్యూగిల్‌ను అనుకరించడం ఎందుకంత కష్టమో కూడా సభ్యులకు వివరించాం. మగ ఎల్క్ గొంతులో లోతైన గర్జన, సన్నని ఈల రెండూ ఒకేసారి పుడతాయని 2016లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఆ ఈల 4,000 హెర్ట్జ్‌ల దాకా పోతుంది. అంతటి భారీ జంతువు అంత సన్నని గొంతుతో పలకడం మొదటిసారి విన్నవారు నమ్మరు.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగినది ఆగస్టులో జరిపిన పిలుపుల పోటీ. రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ వారు నిర్వహించే ప్రపంచ ఎల్క్ పిలుపుల పోటీల్లో ఏ సాధనమూ లేకుండా సొంత గొంతుతో పిలిచేవారికి ప్రత్యేక విభాగం ఉంది. మనమూ అలాగే ఒక విభాగం పెట్టాం. న్యాయనిర్ణేతలు తెరకు అవతల కూర్చుని, పిలిచేది ఎవరో తెలియకుండా మార్కులు వేశారు. పశ్చిమ గోదావరి నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక సభ్యుని తల్లిగారు, పిల్లలు బలవంతపెడితే లేచి, కొంగు నోటికి అడ్డుపెట్టుకుని, రికార్డింగు రెండుసార్లు విని మూడోసారి తానే పలికారు. చిన్నప్పటి నుంచి గేదెలను, దూడలను పిలిచిన గొంతు అది. చివర్లో స్వరాన్ని విరిచి కిందికి జార్చే తీరు మా డయాఫ్రమ్‌లలో దేనికీ రాలేదు. తెర తీసి చూసిన న్యాయనిర్ణేతలు నిర్ఘాంతపోయారు. ఆమె శుద్ధ శాకాహారి, వేట మాట ఎత్తితేనే ముఖం చిట్లిస్తారు. బహుమతిగా ఇచ్చిన వేట కత్తిని అక్కడికక్కడే కొడుకు చేతిలో పెట్టి, శాలువా మాత్రం ఉంచుకున్నారు. ఆ తర్వాత రెండు తరగతులకు ఆమే వచ్చి కూర్చుని, గాలి ఎక్కడ వదిలేస్తున్నామో ఒక్కొక్కరికీ చెప్పారు. వారికి సంఘం తరఫున పాదాభివందనం.

సెప్టెంబరు చివరి వారంలో ఎస్టెస్ పార్క్ మీదుగా రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు సాయంకాలపు ప్రయాణం ఏర్పాటు చేశాం. ఈ ప్రాంతంలో వేటకు తుడిచిపెట్టుకుపోయిన ఎల్క్‌లను 1913, 1914 సంవత్సరాల్లో యెల్లోస్టోన్ ప్రాంతం నుంచి తెచ్చి మళ్లీ వదిలారు. నేడు మొరైన్ పార్క్ పచ్చికలో జతకట్టే కాలంలో అవి వేసే కేకలు వినడానికే జనం తరలివస్తారు. పార్కులో వేట లేదు, పిలుపు సాధనాలు వాడటమూ నిషిద్ధం, ఎల్క్‌కు 75 అడుగుల దూరంలో ఉండాలి. అందుకే బయలుదేరే ముందే అందరి దగ్గరా డయాఫ్రమ్‌లు తీసుకుని ఒక డబ్బాలో వేసి తాళం పెట్టాం. ఇది అవమానమని ఒక సభ్యుడు అన్నారు. కానీ నోరు మూసుకుని రెండు గంటలు వింటే వచ్చే విద్య ఆరు తరగతుల్లో రాదని తిరుగు ప్రయాణంలో ఆయనే ఒప్పుకున్నారు.

విల్లు వేట కాలం సెప్టెంబరు 2 నుంచి 30 వరకు. శిక్షణ పొందినవారు ఇద్దరిద్దరుగా వెళ్లాలని, విల్లు పట్టినవారికి వెనుక నలభై, యాభై గజాల దూరంలో పిలిచేవారు ఉండాలని నియమం పెట్టాం. వచ్చే ఎల్క్ దృష్టి శబ్దం పుట్టిన చోటు మీద ఉంటుంది గనుక ముందున్నవారికి అవకాశం దొరుకుతుంది. అయితే మగ ఎల్క్ తిన్నగా రాదు, గాలి వాలుకు చుట్టుతిరిగి వాసన చూసుకుని మరీ వస్తుంది. కొండల్లో తెల్లవారుజామున గాలి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండెక్కేకొద్దీ పైకి మళ్లుతుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. ఇది తెలియక ఉదయం పది గంటలకు కిందినుంచి పైకి పిలిచినవారికి గాలి మళ్లిన క్షణాన అడవి ఖాళీ అవుతుంది. గాలి ఎటు వీస్తోందో చూపే పొడి సీసా జేబులో పెట్టుకుని తరచూ చిలకరించి చూడాలని చెప్పింది ఇందుకే. మన పిలుపుకు ఎల్క్ బదులు మరో వేటగాడు రావచ్చు, ఎలుగుబంటి కూడా రావచ్చు. శబ్దం వచ్చిన వైపు గురిపెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఫ్లాట్ టాప్స్ కొండల వైపు వెళ్లిన జంటకు ఆస్పెన్ చెట్ల మధ్య ఒక కుర్ర మగ ఎల్క్ ముప్పై గజాల లోపుకు వచ్చింది. ఆ వేట యూనిట్‌లో మగ ఎల్క్‌ను కొట్టాలంటే ఒక కొమ్ముకు కనీసం 4 మొనలైనా ఉండాలి, లేదా నొసటి మీదకు వంగే మొన కనీసం 5 అంగుళాలైనా ఉండాలి. ఒకవైపు మూడే కనిపించాయి, రెండోవైపు ఆకుల చాటున పడింది, నొసటి మొన పొడవు తేలలేదు. మన సభ్యుడు బాణం వదలకుండా విల్లు దించేశారు. ఈ ఏడాది విల్లుతో మనవారెవరూ ఎల్క్‌ను కొట్టలేదన్న మాట నిజమే. అయినా ఆ జంటను ఈ వేదిక మీద సత్కరించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక స్వచ్ఛంద సేవకుల ప్రస్తావన లేకుండా నివేదిక పూర్తికాదు. శిక్షణకు సహాయం చేస్తామని చేతులెత్తినవారి జాబితా నా దగ్గర భద్రంగా ఉంది. వారిలో షెడ్డులో కుర్చీలు వేయడానికి వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అన్న సామెతకు ఉదాహరణలు వెతుక్కోవలసిన అవసరం మనకు రాలేదు. పోటీ రోజున టీ పెట్టింది, తెర కట్టింది, చివర్లో చెత్త ఎత్తింది ఆ నలుగురే. పేర్లు చదవవద్దని వారే కోరారు కాబట్టి చదవడం లేదు. సీజన్‌కు ముందు వారంలో డయాఫ్రమ్ కొని, సీజన్ మొదటి రోజున ఫోన్ చేసి ఎలా ఊదాలని అడిగిన సభ్యులకు కూడా సమాధానం చెప్పాం. వచ్చే ఏడాది చెప్పబోము.

జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు జతపరిచారు. ఆడిట్ పూర్తయింది, బాకీలు లేవు, కొంత నిల్వ వచ్చే ఏటికి మిగిలింది. వివరాలు కావలసినవారు భోజన విరామంలో వారిని అడగవచ్చు.

షెడ్డు ఇచ్చిన దంపతులకు, తెర వెనుక ఓపికగా కూర్చున్న న్యాయనిర్ణేతలకు, పిలుపుల మోతను సహించిన ఇరుగుపొరుగువారికి, సెలవురోజుల్లో మమ్మల్ని శిక్షణకు పంపిన జీవిత భాగస్వాములకు, పోటీకి పులిహోర పంపిన ఇళ్లకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది శిక్షణ మే నెలలోనే మొదలవుతుంది, రెండో ఏడాది వారికి బ్యూగిల్ తరగతి ఉంటుంది. లైసెన్సు లాటరీ దరఖాస్తుకు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారంతో ముగుస్తుందని గుర్తుంచుకోగలరు. 2025 నుంచి ఇతర రాష్ట్రాల సభ్యులకు కొలరాడో పశ్చిమ ప్రాంతంలో విల్లు లైసెన్సు కూడా లాటరీలోనే వస్తున్నందున, టెక్సాస్ నుంచి వచ్చే మన మిత్రులు ఈ తేదీని మరింత గట్టిగా పట్టించుకోవాలి. సంఘం కొన్న గ్రంట్ ట్యూబుల్లో మూడు ఇంకా తిరిగి రాలేదు. అవి ఎవరి ఇళ్లలో ఉన్నాయో నాకు తెలుసు. సమావేశం ముగిసేలోగా కారులోంచి తెచ్చి బల్ల మీద పెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి