ఈ వారం మన ఏకాంత ప్రార్థన

అక్కలకు, చెల్లెళ్లకు వందనాలు.

పోయిన కూడికలో చాలామంది ఒకే మాట అన్నారు: "పొద్దున టిఫిన్లు, బాక్సులు, ఆఫీసు. రాత్రి బైబిల్ తెరిస్తే నిద్ర." అందుకే సోమవారం నుంచి శనివారం దాకా ఒక చిన్న ప్రయత్నం చేద్దాం.

రోజుకు 15 నిమిషాలు చాలు. ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడు (మార్కు 1:35), నిజమే. కానీ నైట్ డ్యూటీ చేసేవాళ్లకూ, పసిబిడ్డ తల్లులకూ ఆ టైమ్ కుదరదు. స్కూల్ బస్సు వెళ్లాక అయినా సరే. మీ టైమ్ ఆదివారం రాత్రిలోగా గ్రూపులో పెట్టండి.

చదవాల్సింది మొదటి రాజులు 19. ప్రవక్త ఏలీయా ఇక చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండ మీద దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే! కాబట్టి సరిగ్గా నిద్ర లేనివాళ్లు ముందు పడుకోండి, నా మాట వినండి.

ఫోన్ వేరే గదిలో ఉంచండి. పక్కన చిన్న కాగితం పెట్టుకోండి. గ్యాస్ బుక్ చేయాలి, ఫీజు కట్టాలి లాంటివన్నీ సరిగ్గా అప్పుడే గుర్తొస్తాయి. రాసేసి మళ్లీ ప్రార్థనలోకి వచ్చేయండి.

శనివారం సాయంత్రం 4 గంటలకు చర్చిలో కలుద్దాం. పిల్లల్ని సండే స్కూల్ గదిలో యూత్ వాళ్లు చూసుకుంటారు. టీ ఉంటుంది, దయచేసి ఎవరూ వండి తేవద్దు.

మర్చిపోకండి: ఈ ఆరు రోజులు ఉదయం 8 దాకా గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు వద్దు. అత్యవసర ప్రార్థన మనవి ఉంటే నాకు ఫోన్ చేయండి.