చేపపిల్ల లెక్కతో పాటు పుట్టుక, సైజు కూడా చూడండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువు చేపలు పెంచేవాళ్లం, పిల్లను పుట్టించే పని తెలిసినవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. మీ శాఖ చెరువులకు ఇచ్చే చేపపిల్లను లెక్కతోనే కాక, పుట్టుక, సైజుతో కూడా చూడాలని మా మనవి.

ఏటా జూలై 10న మత్స్య రైతుల దినోత్సవం జరుపుతున్నాం. 1957లో అదే రోజున డాక్టర్ హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా దేశంలో చాలావరకు వరద నీటికి వల కట్టి పట్టిన ఏటి పిల్లే దిక్కు. అందులో బొచ్చె ఎంతో, బొచ్చెను తినే వాలుగ ఎంతో పెరిగేదాకా తెలిసేది కాదు.

బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), మోసు (మృగాల్) చెరువులోనూ ముదురుతాయి, పొట్టనిండా జన, అంటే గుడ్లు, పడుతుంది. కానీ వరదనీరు తగలనిదే మెదడు కిందున్న పీయూష గ్రంథి చివరి హార్మోన్‌ను వదలదు, గుడ్లు లోపలే కరిగిపోతాయి. 1930లో అర్జెంటీనాలో హౌసే అనే శాస్త్రవేత్త ఈ గ్రంథి రసాన్ని చేపలకు ఎక్కించి చూశారు. మన గండుచేపల మీద దాన్ని నిలకడగా పనిచేయించింది చౌధురి, ఆయనతో పనిచేసిన అలికున్హి. ఆవగింజంత గ్రంథిని ముదురు చేప తలలోంచి తీసి, ఆల్కహాల్‌లో నిల్వ చేసి, నూరి, తేర్చి ఎక్కించాలి. ఆడచేపకు కిలోకు 2–3 మిల్లీగ్రాములు, ఆరు గంటల తర్వాత 5–8 మిల్లీగ్రాములు. పోతుకు ఆ రెండో విడతప్పుడే 2–3 మిల్లీగ్రాములు. ఇప్పుడు ఆ శ్రమ లేదు. సీసాలో వచ్చే మందు ఆడచేపకు కిలోకు 0.3–0.5 మిల్లీలీటర్లు ఒక్కసారి వేస్తే చాలు.

అంటే సూది వేయడం ఎవరికైనా వస్తుంది. తల్లి చేపను ఎంచడమే అసలు విద్య, మన దగ్గర చితికిపోయింది అదే. ఆడచేప పొట్ట మెత్తగా ఉండి, గుడ్లద్వారం ఉబ్బి ఎర్రబారాలి. పోతుకు చెవిరెక్క లోపలివైపు గరుకు తగలాలి, పొట్ట కాస్త అదిమితే పాలలాంటి వీర్యం రావాలి. ఆర్డరు తొందరలో పచ్చి చేపకు సూది వేస్తే గుడ్లు ద్వారం దగ్గర బిగుసుకుపోయి తల్లే చస్తుంది. బొచ్చె, శీలావతిని ఒకే తొట్టిలో వదిలితే సంకరం పుడుతుంది.

వీటన్నిటికంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. త్వరగా పెరిగిన చేప బజారుకు పోతుంది, పెరగక మిగిలినదే తల్లి అవుతుంది. కొద్దిపాటి తల్లులనే ఏళ్ల తరబడి తిప్పడంతో రక్తసంబంధం దగ్గరవుతోంది. ఎంత మేత వేసినా పిల్ల పెరగకపోవడానికి, వంకర వెన్నుకు ఇదొక కారణం. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని సీఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి వేర్వేరు నదుల శీలావతిని తెచ్చి, తరానికో ఎంపిక చేసి ‘జయంతి రోహు’ను తయారుచేసింది. ఇచ్ఛాపురం దాటి హైవే మీద భువనేశ్వర్ చేరితే ఆ ఊరు దగ్గరే. అక్కడి తల్లి చేపలతో మన రెండు జిల్లాలకు ఒక బ్రూడ్ బ్యాంకు, అంటే మేలైన తల్లి చేపలను పోషించి ఉంచే కేంద్రం, పెట్టించండి. ప్రతి తల్లికీ గుర్తు, ప్రతి తరానికీ రిజిస్టరు ఉండాలి.

రెండోది సైజు. మన చెరువులు ఎక్కువగా వానకు నిండేవే. ఆగస్టు, సెప్టెంబరులో నీరు చేరి ఫిబ్రవరి, మార్చికల్లా అడుగంటుతాయి. ఆ ఐదారు నెలల నీటిలో అంగుళం పిల్లను అక్టోబరులో వదిలితే అమ్మకం సైజు రాదు. పోయినేటి పిల్లను ఏడాది పొడవునా నీరుండే ప్రభుత్వ చెరువుల్లో ఒత్తుగా, తక్కువ మేతతో ఆపి ఉంచితే, కొత్తనీటిలో పడగానే ఎగసి పెరుగుతుంది. కొల్లేరు రైతులు చేస్తున్న పనే ఇది. మాకు ఆ పిల్లను ఆగస్టులో ఇవ్వండి. మడ్డువలస, తాటిపూడి వంటి జలాశయాల్లో 100 మిల్లీమీటర్లకు తక్కువ పిల్లను వదలొద్దు. అక్కడి కొర్రమీను, వాలుగలకు అది మేతే.

నర్సరీ చెరువులు బాగుచేయకుండా వాటిలో వదిలే స్పాన్ (గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్ల) కొనడం డబ్బు నీళ్లలో పోయడమే. మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల ఇప్పపిండి వేస్తే పిల్లను తినే చేపలు చస్తాయి. ఆ విషం విరగడానికి మూడు వారాలు ఆగాలి. స్పాన్ వదిలే ముందు హెక్టారుకు నూనె 56 కిలోలు, సబ్బు 18 కిలోలు కలిపి చల్లితే నీటిపై తెట్టె కట్టి, పైకొచ్చి గాలి పీల్చే పురుగులు చస్తాయి. గాలి వీచే రోజున చల్లితే తెట్టె ఒక గట్టుకు చేరిపోతుంది, మందు వృథా. ఈ ఖర్చుకు బడ్జెట్‌లో విడిగా పద్దు కావాలి.

పిల్లను వదిలే కార్యక్రమాలు తెల్లవారుజామున పెట్టండి. సంచి పావుగంట నీటిపై తేలనిచ్చి, చెరువు నీరు కొంచెం కొంచెం కలిపి వదలాలి. మధ్యాహ్నం ఎండలో గట్టు మీంచి గుమ్మరిస్తే ఆ దెబ్బకు చచ్చిన పిల్ల అడుగునే ఉండిపోతుంది. లెక్కలో మాత్రం బతికే ఉంటుంది.

చివరగా, ప్రతి లాట్‌తో ఒక చీటీ రావాలి. తల్లి చేపలు ఎక్కడివి, సూది వేసిన తేదీ ఏది, జాతి ఏది, వదిలేనాటి సగటు పొడవు ఎంత అన్నవి అందులో ఉండాలి. గట్టు మీద సంఘం సభ్యులు గుప్పెడు పిల్లను కొలిచి, సరిపోతేనే సంతకం పెట్టే హక్కు ఇస్తూ ఈ సీజన్‌లోనే ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చెరువు చేపల పెంపకందారులు