బేరాన్ని బుజ్జగింపు అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఆమదాలవలస. పొద్దున్నే స్టేషన్ దగ్గర టీ కొట్టులో మీ పేపర్ చదవడం నాకు ఎప్పట్నుంచో అలవాటు, ఎలక్షన్లు వచ్చాయంటే చాలు నామినేషన్ల రోజు నుంచి విత్‌డ్రా గడువు అయ్యేదాకా జిల్లా పేజీలో ఒకటే మాట, అసంతృప్తులకు బుజ్జగింపులు, రెబల్స్‌కి బుజ్జగింపులు. కింద వార్త చదివితే ఏముంటుంది, నామినేటెడ్ పోస్టు ఇస్తామన్నారు, ఖర్చు పెట్టిందంతా తిరిగిచ్చేస్తామన్నారు, వినకపోతే పాత కేసు ఉండనే ఉందని గుర్తుచేశారు. ఇందులో బుజ్జగింపు ఎక్కడుందండీ? సామ దాన భేద దండోపాయాలు అంటాం కదా, బుజ్జగించడం సామంలోకి వస్తుంది, మీరు రాసేవేమో దానమూ దండమూ.

బుజ్జగింపు చూడాలంటే మా వీధి అంగన్‌వాడీకి రండి. మొన్న మనవరాల్ని దింపడానికి వెళ్తే అక్కడ ఇంకో గుంట, మూడేళ్లుంటాయేమో, గడప పట్టుకుని లోపలికి రానంటే రానని ఏడుపు, వాళ్లమ్మ రెక్క పట్టుకుని లాగుతోంది. ఆయా వచ్చి ముందు ఆ చెయ్యి విడిపించింది. తనూ గడప దగ్గరే చతికిలబడి, చీర చెంగుతో దాని ముక్కు తుడిచి "ఓలమ్మా నా తల్లి, ఎవులేటన్నారే నిన్ను, నువ్వు రాకపోతే నీ పలక నానేటి సేసుకోను" అంది. ఉడకబెట్టిన గుడ్ల గిన్నె పక్కనే ఉంది, గుడ్డు ఇస్తాను రా అని మాత్రం అన్లేదు. కాసేపు ఇద్దరూ రోడ్డు మీద పోయే ఆటోలు లెక్కపెట్టారు, ఆ గుంటకి రెండు తర్వాత అయిదు వస్తుంది. చివరికి తనే లేచి లోపలికి పోయింది.

బుజ్జి అనే పిలుపు వినబడే మాటండీ అది. పెద్దవాళ్లు కిందకి వంగి చిన్నవాళ్లతో చేసేది. బతిమాలడం అలా కాదు, అక్కడ అడిగేవాడే కిందుంటాడు, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడి ముందు మావగారిలాగ (ఆయన బండి కొనిస్తాననేదాకా అల్లుడు దిగడు, అది వేరే కథ). నచ్చజెప్పడమంటే ఇద్దరూ సమానం, అవతలివాడికి నచ్చేలా చెప్పడం, నచ్చకపోతే వాడు తువ్వాలు దులుపుకుని లేచిపోవచ్చు. గుడికి ఇంతని సర్పంచ్ పదవికి పాట పెట్టి, ఎక్కువ పాడినోడికి కట్టబెట్టాక కూడా "పెద్దలు నచ్చజెప్పడంతో ఏకగ్రీవం" అని వేస్తే ఊళ్లో చదివినవాళ్లు నవ్వుకుంటారు. నేనూ నవ్వుకున్నాను.

ఇంకోటి, ఇంగ్లీషు అపీజ్‌మెంట్‌కి కూడా బుజ్జగింపే వాడేస్తున్నారు. సోషల్ చెప్పినవాణ్ణి కాబట్టి అంటున్నా, 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ వాళ్లు చెకొస్లొవేకియాలోని సుడేటన్ ప్రాంతాన్ని హిట్లర్‌కి ఇచ్చేశారు, ఆ చెక్ వాళ్లని చర్చల్లో కూర్చోనైనా కూర్చోనివ్వలేదు. పక్కోడి పొలం రాసిచ్చి దౌర్జన్యం చేసేవాణ్ణి వెనక్కి పంపించడం, మా ఆయా గడప దగ్గర చేసిన పనీ, రెండూ ఒకటేనా? ఇలా వాడీ వాడీ ఇప్పుడు బుజ్జగింపు అంటేనే ఏదో తప్పుడు పని అన్నట్టయిపోయింది, మా ఇంట్లో మనవడు కూడా పేచీ పెట్టి "నన్ను బుజ్జగించండి, ఏమిస్తారు" అంటున్నాడు, వాడికి తొమ్మిదేళ్లు.

గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోదే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మీరు పేజీ నిండా వ్యాసాలు వేస్తారు, సంతోషం. జనం మాట్లాడే మాటల్లోనే రాయాలని ఆయన అంత పోరాడారు కదా, ఆ మాటకి జనంలో ఉన్న అర్థం కూడా ఉంచండి. హెడ్డింగ్‌లో జాగా చాలదంటారేమో, బుజ్జగింపు నాలుగక్షరాలు, బేరం రెండే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా