అది పుట్టుక కాదు, వేరు కాపురం

సంపాదకులకు,
రష్యా ఉత్తర ప్రాంతంపై మీ వ్యాసంలో ఆర్ఖాంగెల్స్క్ ఆబ్లాస్ట్ (రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) 1937లో పుట్టిందని రాసి ఊరుకున్నారు. పీటర్ చక్రవర్తి 1708లో దేశాన్ని ఎనిమిది గుబెర్నియాలుగా (ఆనాటి పెద్ద పాలనా విభాగాలుగా) విడగొట్టినప్పుడే అందులో ఆర్ఖాంగెల్స్క్‌ది ఒకటి. 1929లో దాన్నీ, వొలోగ్డా, ఉత్తర ద్వినా గుబెర్నియాలనూ, కోమి ప్రాంతాన్నీ కలిపి ఉత్తర క్రాయ్ అనే ఒకే పెద్ద ప్రాంతం చేశారు. 1936లో కోమి, మరుసటి ఏడు వొలోగ్డా విడిపోయాయి. మిగిలిందే ఆర్ఖాంగెల్స్క్ ఆబ్లాస్ట్. అంటే 1937లో జరిగింది వేరు కాపురమే!

నేనెత్స్ ప్రాంతం సంగతి మరీ చిత్రం. ఆర్ఖాంగెల్స్క్‌లో భాగమే, అయినా రష్యా సమాఖ్యలో విడిగా సభ్యత్వం ఉంది. 2020లో రెంటినీ కలిపేద్దామంటే నేనెత్స్ జనం ఒప్పుకోలేదు. ఆ ఏడాదే రాజ్యాంగ సవరణలపై జరిగిన ఓటింగులో దేశం మొత్తమ్మీద ‘వద్దు’ అన్నది నేనెత్స్ ఒక్కటే. ఇంత ముఖ్యమైన ముక్క ఎలా వదిలేశారండీ?

— ఒక పాఠకుడు, తెనాలి