అష్టమి చూసుకుని నీళ్లలో దిగు

సైనిక్‌పురి,
హైదరాబాద్.

చి. చిట్టికి,

నాన్న ఆశీస్సులు. కైట్‌సర్ఫింగ్, అదే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట, నేర్చుకుంటానని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి అమ్మ నాతో ముభావంగా ఉంటోంది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పిచ్చి నీకు అంటించింది నేనేనని ఆవిడ అభియోగం. కాదనలేను. అయినా వద్దని చెప్పడానికి రాయడం లేదు. మీ డబ్లిన్‌లోని డాలీమౌంట్ తీరం గురించి దొరికినదంతా చదివాను, మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. నువ్వు మంచి రోజు కోసం ఎదురుచూస్తున్నావు. ఆ తీరంలో మంచి రోజంటూ ఉండదమ్మా, మంచి పూట ఉంటుంది.

హుస్సేన్‌సాగర్‌లో మాకు ఆ చింత లేదు. నైరుతి గాలులు నిలదొక్కుకుంటే చాలు, జూలైలో పందేలు. నీరు పొద్దున ఎక్కడుందో సాయంత్రమూ అక్కడే ఉండేది. చుట్టూ భవనాల చాటున గాలి ఎక్కడ చచ్చిపోతుందో, ఎక్కడ విసురుగా వస్తుందో కనిపెట్టడమే మా విద్య. నీకు గాలితో పాటు నీటినీ చదవవలసి వస్తుంది. డబ్లిన్ అఖాతంలో పెద్ద పోటు నాడు నీటిమట్టం సుమారు 3.5 మీటర్లు లేచి దిగుతుంది, చిన్న పోటు నాడు 2 మీటర్లకు కాస్త తక్కువ. మన విశాఖలో పెద్ద పోటే ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ. పైగా డాలీమౌంట్ వాలు లేనంత చదును. నీరు తీసినప్పుడు ఇసుక వందల మీటర్ల మేర బయటపడుతుంది. నిండినప్పుడు గాలిపటం పరచుకోవడానికి సన్నని పట్టీ మిగులుతుంది, ఆ పట్టీలోనే షికారుకు వచ్చినవాళ్లూ వాళ్ల కుక్కలూ.

డాలీమౌంట్ తీరం ఉన్న ఆ బుల్ ద్వీపం పుట్టుక నీకు తెలుసో లేదో. డబ్లిన్ రేవులోకి ఓడలు వచ్చే దారి పూడిపోకుండా నార్త్ బుల్ వాల్ అనే గోడ కట్టారు, 1825 నాటికి పూర్తయింది. దాని పక్కన ఇసుక చేరి చేరి ఇప్పుడు దాదాపు 5 కిలోమీటర్ల పొడవైంది. రెండు వందల ఏళ్లుగా ఇసుక పేరుకుంటున్న చోటు కనుకే లోతు తక్కువ, అందుకే కొత్తవాళ్లకు అనువు. పడినా లేచి నిలబడవచ్చు. తాళ్లు చిక్కుపడితే నిలబడే విప్పుకోవచ్చు. ఇంజనీర్లు ఓడల కోసం కట్టిన గోడ నీకు ఇలా అక్కరకు వచ్చింది.

అయితే నీరు మరీ తీసేసిన వేళ కూడా పనికిరాదు. చీలమండ లోతులో బోర్డు అడుగున ఉండే రెక్కలు ఇసుకలో దిగబడి నువ్వు ముందుకు బోర్లాపడతావు. మోకాలికి పైన, నడుముకు లోపల ఉండాలి. ఆ లోతు దొరికే సమయం ఎక్కువసేపు నిలవదు. లెక్క ఇది: ఆరు గంటల పోటును 12 భాగాలనుకో. మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో 2, ఆఖరి గంటలో 1. అంటే సగం నీరు మధ్య రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. పెద్ద పోటు నాడు అది దాదాపు 1.75 మీటర్లు. నడుము లోతులో నిలబడ్డ నీ తల మీద నుంచి పోతుంది. చదును తీరంలో ఇంకో చిక్కుంది. పల్లపు కాలువలు ముందు నిండుతాయి. నువ్వు ఇసుక తిన్నె మీద హాయిగా ఉంటావు, నీకూ గట్టుకూ మధ్య నీరు లోతెక్కుతుంది. వెనక్కి తిరిగి చూస్తూ ఉండు.

ఇక్కడే మన పంచాంగం పనికొస్తుంది. పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకు వస్తాయి. సూర్యచంద్రులు ఒకే వరుసలో లాగుతారు కనుక. అష్టమికి ఇద్దరి లాగుడూ అడ్డదిడ్డమై పోటు చిన్నదవుతుంది. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. డబ్లిన్‌లో అమావాస్య, పౌర్ణముల దగ్గర నీరు నిండేది ఇంచుమించు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట వేళకు, అంటే నువ్వు సెలవు రోజున తీరానికి చేరే సరికి ఇసుకే ఉండదు. వారం తర్వాత అదంతా తారుమారై, మధ్యాహ్నం వేళకు నీరు తీసి ఉంటుంది, కదలికా నెమ్మదిగా ఉంటుంది. కాబట్టి నీకు తగిన తిథులు అష్టమి, నవమి, దశమి. అష్టమి, నవములలో అమ్మ కొత్త పచ్చడి జాడీ కూడా తెరవదు. ఈ ఒక్క పనికి మినహాయింపు ఇమ్మని అడిగాను, ఆలోచిస్తానంది. పంచాంగం అంచనాకే సుమా, బయలుదేరే ముందు ఆ రేవు పోటుపాట్ల పట్టిక చూసుకోవలసిందే. వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, పట్టిక ఏ సమయం ప్రకారం ఉందో కూడా చూడు.

గాలి సంగతి నీకు కొంత తెలుసు. ఆ తీరం ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంది. నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. దక్షిణపు గాలి పక్క నుంచి వస్తూ కాస్త గట్టు వైపుకు నెడుతుంది, నేర్చుకునేవాళ్లకు అదే మేలు. ఊరి మీదుగా వచ్చే వాయవ్యపు గాలి ఎంత ముద్దుగా ఉన్నా దిగవద్దు, అది నిన్ను సముద్రంలోకి తోస్తుంది. వేగం 12 నుంచి 18 నాట్ల మధ్య (గంటకు సుమారు 22 నుంచి 33 కిలోమీటర్లు), నిలకడగా ఉండాలి. 12 నాట్లు 17 అయితే ఒత్తిడి సగం పెరగదు, రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. సగటు 14, విసురు 25 అని కనిపిస్తే ఇంట్లో కూర్చుని బట్టలు ఉతుక్కో.

సంక్రాంతికి మేడ మీద మాంజాను వేలికి చుట్టుకునే అలవాటు నీకుంది. అక్కడ తాడును చేత్తో పట్టుకోనే పట్టుకోకు. 20 మీటర్లకు మించిన తాళ్ల చివర గాలి నింపిన పటం, పరచి చూస్తే చిన్న గదంత. మన పతంగి చేయి జారితే పోయేది పతంగే, ఇది మనిషిని ఈడ్చుకుపోతుంది. నడినెత్తిన ఉన్నప్పుడు లాగుడు తక్కువ. గాలి పోయే దిక్కుకు, నీ ముందుకు వాలితే పూర్తి బలంతో గుంజుతుంది. అందుకని చేత్తో పట్టుకునే అడ్డకర్ర, అదే బార్, దగ్గర ఉండే అత్యవసర విడుపును కళ్లు మూసుకుని కూడా లాగగలిగేలా ముందు ఇసుక మీద సాధన చెయ్యి. నాకు తెలిసి కొత్తవాళ్లు దానిని చివరి ఉపాయంగా అనుకుంటారు. ముందుగానే లాగినవాళ్లను చూసి నవ్వేవాళ్లు ఉంటారు, నవ్వనీ. గాలి పోయే దిక్కున కనీసం 50 మీటర్లు ఖాళీగా ఉండాలి, రాళ్లు, గోడ, మనుషులు ఉండకూడదు.

బడి ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగు: పాఠం ఎన్ని గంటలకు? ప్రతి ఆదివారం పదింటికి రమ్మనేవాళ్ల దగ్గర చేరవద్దు. వారం మొదట్లో నీటిని, గాలిని చూసి సమయం చెబుతామనేవాళ్లు పని తెలిసినవాళ్లు. చివరి నిమిషంలో రద్దు చేస్తే చిరాకుపడకు, డబ్బు దండగైందనుకోకు.

చలి మాటేమిటంటే, ఆగస్టులో కూడా ఆ సముద్రం 15 డిగ్రీల దగ్గరే. ఒంటిని వెచ్చగా ఉంచే మందపాటి వెట్‌సూట్ లేకుండా దిగకు. మొదట అద్దెకు తీసుకో, కొలత కుదిరాక కొనుక్కుందువు గాని. పెద్ద వాన పడిన తర్వాత అక్కడ ఈతకు దిగవద్దని నోటీసులు పెడుతుంటారు, చూసుకో. ద్వీపం 1931 నుంచి పక్షుల సంరక్షణ ప్రాంతం. శీతాకాలంలో కెనడా ఆర్కిటిక్ నుంచి బ్రెంట్ బాతులు వస్తాయి, ఈశాన్యపు కొన వైపు సీల్‌లు ఒడ్డున పడుకుంటాయి. ఆ వైపు పటం ఎగరేయకు. ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకు. సముద్రంలో ఎవరైనా ఇబ్బందిలో పడితే 112కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ అని అడగాలి.

పందేలలో నేను వాడిన చేతి గాలికొలమానం పార్శిల్ చేస్తున్నాను. ఫోనులో కనిపించే గాలి విమానాశ్రయం దగ్గరిదో మరెక్కడిదో అయి ఉంటుంది, ఇసుక మీద నిలబడి ఐదు నిమిషాలు దీనితో కొలిస్తే ఎక్కువ తక్కువలు తెలుస్తాయి. బ్యాటరీ తీసేశాను, అక్కడే కొనుక్కో. ఫీజు ఎంతో రాయి.

ఇట్లు,
మీ నాన్న