అరగంట చూసి అడిగేయండి

సంపాదకుల గారికి,

పోయిన వేసవిలో నేను చేసిన 8 వారాల ఇంటర్న్‌షిప్‌లో మొదటి 2 వారాలు ఉత్తినే పోయాయి, లాగిన్ రాలేదు, వచ్చాక ఎవరిని ఏం అడగాలో తెలియలేదు. ఎక్సెల్ షీట్‌లో తేదీలు వరుసలో రాకపోతే మూడు రోజులు దానితోనే కుస్తీ పట్టాను. చివరికి పక్క సీటు అక్క చూసి, అవి తేదీలుగా కాదు, టెక్స్ట్‌గా సేవ్ అయ్యాయని రెండు నిమిషాల్లో తేల్చేసింది. అడిగితే చులకనైపోతానన్న టెన్షనే నా కొంప ముంచింది. ఈసారి వెళ్లేవాళ్లు అరగంట ప్రయత్నించి, కుదరకపోతే అడిగేయండి. ఏ రోజు పని ఆ రోజే రాసిపెట్టుకోండి, రిపోర్టు రాసేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు (నాకు రాలేదు). స్టైపెండ్ ఎంతో, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారో చేరకముందే మెయిల్‌లో అడిగి తెలుసుకోండి. మీ దగ్గరే డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ ఇస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోకండి.

- ఒక డిగ్రీ విద్యార్థిని